పాట ఆగితే కేకెయ్

మా చిన్నప్పుడు... తాతయ్య స్నానానికి లేచాడంటే నేను ఏ ఆటలో ఉన్నా వదిలేసి పెరట్లోకి పరుగెత్తాల్సిందే. నీళ్ళ గాబు, పక్కన నాపరాయి, చుట్టూ తాటాకు తడిక... అదే మా స్నానాల గది. తడిక బయట పీట వేసుకుని కూర్చోవడం నా డ్యూటీ. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు.

మాది నెల్లిమర్ల. తాతయ్య జూట్ మిల్లులో పనిచేసి దిగిపోయాడు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకునేది ఆయనే. మగ్గాల మోతలో అరిచి అరిచి అలవాటైన గొంతు కదా... మైకు అక్కర్లేదు.

తాతయ్యకి వయసు మీద పడుతున్నకొద్దీ మామ్మకి భయాలు ఎక్కువయ్యాయి. శనివారం వచ్చిందంటే బూడిద, ఇసుక కలిపి నాపరాయి మీద పాచి పోయేదాకా కొబ్బరి పీచుతో తోమేది. మంచం మీంచి లేవగానే నడవకూడదు, కాసేపు కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చోవాలి. పొద్దున్నే చోడంబలి, అదే రాగి జావ, తాగాలి. దీపం లేకుండా పెరట్లోకి అడుగు పెట్టకూడదు. "ముసిలోల్లకి జొరం కన్నా జారుడు సెడ్డది" అనేది.

అన్నిటికన్నా పెద్ద నియమం ఏమిటంటే... స్నానం చేస్తున్నంతసేపూ తాతయ్య పాడుతూనే ఉండాలి. పాట వినిపిస్తుంటే మనిషి బాగున్నట్టు.

"ఒలే గుంటా, పాట ఆగితే కేకెయ్. నాను పొయ్యికాడ ఉంతాను, నాకు ఇనపడదు" అని నన్ను కూర్చోబెట్టేది.

తర్వాత తర్వాత తాతయ్య చరణాలు మర్చిపోవడం మొదలెట్టాడు. ఒక ఆదివారం చర్చిలో పాట మధ్యలో ఆగిపోయాడు. వెనక నుంచి ఎవరో కుర్రాడు తర్వాతి మాట అందించాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ మధ్యాహ్నం తాతయ్య అన్నం తినలేదు.

మర్నాడు తడిక లోపలి నుంచి అన్నాడు. "ఒలే, నాను మర్సిపోతే నువ్వు అందియ్యకు. ఊరుకుని కూకో. నానే గుర్తు తెచ్చుకుంతాను."

"అలాగే తాతా" అన్నాను.

చాలాసార్లు అలాగే జరిగింది. ఆగేవాడు... చెంబుతో నీళ్ళు పోసుకుంటూ వెతుక్కునేవాడు... మళ్ళీ ఎత్తుకునేవాడు. నేను కిక్కురుమనేదాన్ని కాదు. మామ్మకీ చెప్పలేదు. మాట నిలబెట్టుకుంటున్నానని నాకెంత గర్వమో!

ఆ రోజు మూడో చరణం దగ్గర పాట ఆగింది. చెంబు పడిన చప్పుడైంది. చెంబు జారడం మామూలే... తర్వాతి మాట నా నాలుక చివరే ఉంది. పెదవి కొరుక్కుని కూర్చున్నాను. పాపం, వెతుక్కుంటున్నాడు కదా అనుకున్నాను. ఎంతసేపు కూర్చున్నానో ఇప్పటికీ తెలీదు.

మామ్మ అన్నం వార్చి బయటికొచ్చింది. "పాటేదే?"

"ఉష్... మర్సిపోనాడు మామ్మా, గుర్తు తెచ్చుకుంతన్నాడు" అని గుసగుసగా చెప్పాను.

మామ్మ తడిక లాగి పడేసింది. తాతయ్య నాపరాయి మీద ఒక పక్కకి పడి ఉన్నాడు. కళ్ళు తిరిగి స్పృహ తప్పిందట. తుంటి ఎముక విరిగింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని, తెలివి రాగానే ఆ నొప్పిలోనే ముందు నన్ను వెనకేసుకొచ్చాడు. "దాన్నేటీ అనకండి. నానే అందియ్యొద్దన్నాను."

రెండేళ్ళు నులక మంచం మీదే ఉన్నాడు. అప్పుడప్పుడు సన్నగా పాడేవాడు. నేను పక్కన కూర్చుని ప్రతి మాటా అందించేదాన్ని... ఆయన మర్చిపోకపోయినా సరే. తాతయ్య ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇప్పుడు నాకు అరవై రెండు. విజయనగరంలో ఫ్లాట్. మావారు పోయి నాలుగేళ్ళయింది, పిల్లలు లేరు. డాక్టరు గారు చెప్పినవన్నీ చేస్తున్నాను. బాత్రూంలో రబ్బరు పట్టా, గోడకి స్టీలు పిడి, కూర్చోవడానికి స్టూలు, రాత్రంతా చిన్న బల్బు, సాయంత్రం అరగంట నడక, కూరలో ఉప్పు తక్కువ. మామ్మ చూస్తే నాకు నూటికి నూరు వేసేది.

మొన్న మంగళవారం కాలికింద సబ్బు నురగ ఉన్నట్టుంది... జారింది. పిడి పట్టుకున్నాను కాబట్టి నిలబడ్డాను. దెబ్బేమీ తగల్లేదు. కానీ అలాగే నిలబడి వింటే... ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను పడి ఉంటే ఎవరికి తెలిసేది? ఎన్నాళ్ళకి తెలిసేది? ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా ఏడ్చాను.

బట్టలు కట్టుకుని ఎదురింటి బెల్లు కొట్టాను. సరోజమ్మ గారు, సాలూరు మనిషి, ఆవిడా ఒంటరే. మూడేళ్ళుగా లిఫ్టులో నవ్వుకోవడమే తప్ప మాటల్లేవు. మొహమాటం చంపుకుని అడిగేశాను. "ఉదయం ఏడింటికల్లా నా గుమ్మంలో పాలప్యాకెట్టు తీయకపోతే కాస్త తలుపు కొడతారా అండీ?"

 ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"శివరాత్రికి ముందు నాను బాత్రూంలో పడిపోనానండి. పొద్దున్న పడితే సాయంత్రానికి లేసినాను. మీకు సెప్పుదామని రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చినాను... ఏటనుకుంతారోనని ఎల్లిపోనాను."

ఆ రోజు సాయంత్రం దాకా నేను ఇక్కడే, ఈ తలుపుకి ఇవతలే ఉన్నాను. టీవీ చూస్తూ ఉండి ఉంటాను.

పడకుండా ఉండడం మనం బాగానే నేర్చుకున్నాం... పడితే వినేవాళ్ళని ఎక్కడ పోగొట్టుకున్నామో మరి! మీ చిన్నప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఎలా కనిపెట్టుకునేవారో రాయండి. రాశాక, మీ ఎదురింట్లో ఎవరైనా ఒంటరిగా ఉంటే మాత్రం... ఒక్కసారి వెళ్ళి తలుపు కొట్టండి.