లాకు మీద గ్రామసభ

జూన్ మొదటి గురువారం మా ఊళ్ళో పెట్టిన గ్రామసభకు పదిహేడు మంది వచ్చారు. నేనే లెక్కపెట్టాను. అందులో తొమ్మిది మంది పంచాయతీ ఆఫీసులో జీతం తీసుకునేవాళ్ళు. మిగిలిన ఎనిమిది మందిలో నేనొకదాన్ని. కోరం చాలక సభ చెల్లలేదు.

తప్పు ఆ తేదీ పెట్టిన పంచాయతీ సెక్రటరీగారిది. పాపం, ఆయనది జంగారెడ్డిగూడెం వైపు. బోర్ల కింద సేద్యం చేసే మెట్ట ఊరు. మరునాడు ధవళేశ్వరంలో కాలువలకు నీళ్ళు వదులుతున్నారంటే, ఆ ముందురోజు ఇక్కడి రైతు పొలానికి నీరు తెచ్చే పంట బోదెలు బాగుచేస్తూ పారతో నిలబడి ఉంటాడని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వరి నారు పోసే ఆకుమడికి నీటి దారి చూసుకునే వేళ సభలకు ఎవరొస్తారు?

సభ దేనికంటే, గోదావరి డెల్టాను వారసత్వ ప్రాంతంగా గుర్తించాలని పంపే ప్రతిపాదనకు మా పంచాయతీ మద్దతు తెలపాలి. పాత కాలువలు, లాకులు, ఏటి మీదుగా కాలువను దాటించే అక్విడక్టులు అన్నీ ఒక జాబితాగా వేశారు. మా ఊరి లాకు పేరు అందులో ఉంది. ఊరి తీర్మానం సోమవారానికి మండలం ఆఫీసుకు చేరకపోతే ఆ పేరు కొట్టేస్తారు. కొట్టేస్తే దాని టేకు తలుపులు పీకేసి సిమెంటు తూము కట్టే పని ముందుకు పోతుంది. ఆ కాగితం అప్పటికే తయారై ఉంది.

ఆ లాకు నాకు కావలసినది. కాలువ మట్టం ఒక్కసారిగా మారే చోట పడవను రెండు జతల తలుపుల మధ్య నిలిపి, నీరు నింపో తీసో, ఎక్కించి దించేదాన్ని లాకు అంటారు. మా నాన్నగారు అక్కడ ఇరవై రెండేళ్ళు తలుపులు తిప్పారు. నేను లెక్కలు నేర్చుకున్నది లాకు మెట్ల మీద, వచ్చిపోయే ధాన్యం పడవలు లెక్కపెడుతూ.

శుక్రవారం పొద్దున్న పంచాయతీ ప్రెసిడెంటుగారు మా ఇంటికి వచ్చింది. రామచంద్రపురంలో నేను టీచరుగా ఉన్నప్పుడు ఎనిమిదో తరగతిలో నా దగ్గర చదివిన పిల్ల.

"టీచరుగారండి, ఆదివారం వదిలేస్తే రేపొక్కరోజే ఉందండి. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించెయ్యమంటారా?"

"సభ జరక్కుండా జరిగిందని రాస్తావా? అప్పుడూ అంతే నువ్వు, జవాబు ముందు రాసేసి లెక్క తర్వాత చేసేదానివి."

"మరేం చెయ్యమంటారండి? రేపు నీళ్ళొస్తాయి. జనమంతా లాకు దగ్గరే ఉంటారు."

ఆ మాట అని తనే ఆగిపోయింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. మొదటి నీరు వచ్చేటప్పుడు ఊరు ఊరంతా పసుపు, కుంకుమ, చెంబులు పట్టుకుని లాకు దగ్గర నిలబడుతుంది. నీరు చూడకుండా ఎవరూ వెనక్కి వెళ్ళరు, అది పద్ధతి. సభ అక్కడే పెడితే సరి.

"ఎన్నింటికొస్తాయో చెప్పండి. మైకులో చెప్పిస్తాను."

ఏటా మొదటి నీరు ఎప్పుడొచ్చిందో రాసిన నాన్నగారి పుస్తకం నా దగ్గర ఉంది. ఆయన తర్వాత నేనూ ఏటా రాస్తున్నాను. తీసి చూశాను. ఆ పొద్దున్న తొమ్మిదింటికి ధవళేశ్వరంలో వదిలారు. మా లాకు చేరడానికి పుస్తకంలో ఉన్న ఇరవై తొమ్మిది గంటలు కలిపితే శనివారం మధ్యాహ్నం రెండు. పెన్నుతో రాసిచ్చాను. ఆ సాయంత్రం ఆటో మైకు ఊరంతా తిరిగింది: "సరిగ్గా రెండు గంటలకు."

శనివారం రెండయింది. కాలువలో బీటలు తప్ప ఏమీ లేదు. సెక్రటరీగారు తీర్మానం చదవడం మొదలుపెట్టారు. చేపల చెరువుల ఆసామి ఒకాయన, నలభై ఎకరాల మనిషి, లేచి నిలబడ్డాడు.

"ఆయ్, ఆపండి. వారసత్వం అంటే రేపు మా చెరువులు పూడ్చమంటారా?"

"ఉన్న వాటి జోలికి రారటండి. కాలువ గట్టు కొత్తగా తవ్వాలంటే మాత్రం అనుమతి కావాలటండి," అన్నారు సెక్రటరీగారు.

"అటా? ఎవరన్నారటండి?"

నేను కలగజేసుకోక తప్పలేదు. "సెక్రటరీగారూ, ఏం రాసి ఉందో అదే చదవండి. రాసి లేనిదాన్ని మనమే షరతుగా రాసుకుందాం."

మూడున్నర అయింది. నీళ్ళు లేవు. ఎండకు ఆడవాళ్ళు చెంబులు నెత్తిన పెట్టుకున్నారు. వెనక నుంచి ఎవరో అన్నారు: "టీచరుగారి గడియారానికి కీ ఇచ్చారా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాలని చూశాను గానీ రాలేదు. నాలుగింటికి చెరువుల ఆసామి పై లాకు దగ్గరున్న బావమరిదికి ఫోను చేశాడు.

"ఇంకా అక్కడే ఉన్నాయంటండి. గుర్రపుడెక్క మొక్కలు అడ్డం పడ్డాయంట. పూడిక మోకాలి లోతు ఉందంట." ఫోను జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు. "మీరు ఏ కాలవకు లెక్క కట్టారండి?"

అప్పుడు తెలిసింది నా తప్పు. రామచంద్రపురంలో ఉన్నన్నాళ్ళూ ఊరికి ఫోను చేసి నీళ్ళొచ్చిన తేదీ మాత్రం రాసుకునేదాన్ని, తిరిగొచ్చాకా అదే అలవాటు. పుస్తకంలో తేదీలు నావి, గంటలు నాన్నగారివి. ఏటా వేసవిలో పూడిక తీసిన కాలువకు ఇరవై తొమ్మిది గంటలు. ఇప్పటి కాలువ అది కాదు. ఆ మాట అందరి ముందూ ఒప్పుకున్నాను.

ఆయన ఎండిన కాలువ వంక చూశాడు. "నా చెరువులకీ ఇదే నీరు కదండి. ఆ కాయితంలో కాలవ పూడిక తియ్యాలని కూడా రాయండి. రాస్తే నేను పెడతాను సంతకం."

రాశారు. ఉన్న చెరువుల జోలికి రాకూడదనీ, గట్ల మరమ్మతుకు అడ్డు ఉండకూడదనీ కూడా రాశారు. ప్రెసిడెంటుగారు మొత్తం ఒకసారి గట్టిగా చదివింది. చేతులెత్తమంటే చెంబులతో సహా లేచాయి. సంతకాల పుస్తకం లాకు గోడ మీద పెట్టి వరసలో నిలబడ్డారు. నీళ్ళు రెండింటికే వచ్చి ఉంటే ఇంతసేపు ఎవరుండేవారు? పసుపు చల్లి ఎవరి మడికి వాళ్ళు పరుగెత్తేవారు.

అయిదూ నలభైకి వచ్చాయి. అలలా ఏమీ రావు. ఎండుటాకులు, ప్లాస్టిక్ కవర్లు, నురగ ముందుకు తోసుకుంటూ నల్లటి నీరు నేలను తడుపుకుంటూ నెమ్మదిగా వచ్చి లాకు తలుపులకు తగిలింది. పాత టేకు ఒకసారి కిర్రుమంది. మా నాన్నగారు ఆ చప్పుడు విన్నాకే భోజనానికి లేచేవారు.

సంతకాలు రెండు వందల పద్నాలుగు అన్నారు సెక్రటరీగారు. నేను మళ్ళీ లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు. ఇద్దరు రెండుసార్లు పెట్టారు. అందులో ఒకరు చెరువుల ఆసామి.

"ఇదేంటండి?" అని అడిగాను.

"మొదటిది పూడికకండి. రెండోది మీ లాకుకు."

రెండోది కొట్టేయించాను. ఆయన ఏమీ అనుకోలేదు.

సోమవారం పదకొండింటికి తీర్మానం మండలం ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. ఏడాది అయింది, పై నిర్ణయం ఇంకా రాలేదు. జాబితాలో మాత్రం మా లాకు పేరుంది, తూము కాగితం పక్కన పెట్టారు. ఈ వేసవి నీళ్ళు ఆపి కాలువ కట్టేశాక మా పై రెండు లాకుల మధ్య పూడిక తీశారు. రోజూ వెళ్ళి చూశాను, పద్దెనిమిది రోజుల పని.

రేపు మళ్ళీ నీళ్ళు వదులుతారు. ఎన్నింటికొస్తాయని ప్రెసిడెంటుగారు అడిగింది. ముప్పై ఒక్క గంటలు వేశాను. ఈసారి పెన్సిలుతో.