గోల్‌రాజాలో ఏడో నంబరు

ఇస్నాపూర్ చౌరస్తా దాటి కంపెనీల వైపు తిరిగితే, టిఫిన్ సెంటరుకూ సెల్‌ఫోన్ రిపేరు షాపుకూ మధ్య ఇరుక్కుని ఒక మడిగె కనిపిస్తుంది. అది బిల్లీ నడిపే వీడియో గేముల షాపు. షిఫ్టు దిగినవాళ్లు కిరాయి గదికి పోయి గోడలు చూస్తూ కూర్చోలేక అక్కడ చేరతారు. మెడలో కంపెనీ కార్డు అలాగే వేలాడుతూ ఉంటుంది. నేనూ అలా చేరినవాణ్నే. ప్యాకింగ్ సెక్షన్లో పని చేస్తాను, ఆటలో మాత్రం ఎందుకూ పనికిరాను. ఈ రెండో మాట నాది కాదు, బిల్లీ రోజూ అనే మాట.

ఆ షాపులో ఎన్ని గేములు వచ్చిపోయినా రాజ్యం ఒక్కదానిదే. ఫుట్‌బాల్ గేము. అట్ట మీద ఇంగ్లీషులో పొడుగాటి పేరుంటుంది. అది పలకలేక మావాళ్లు ‘గోల్‌రాజా’ అన్నారు, అదే ఖాయమైంది. మీసాలు సరిగ్గా రాని వయసులో బిల్లీ షాపు తెరిచినప్పుడు ఆ గేము కాసెట్‌లో వచ్చేది. ఆటగాళ్లంటే బొటనవేలంత రంగు ముక్కలు, ఒక్కో ముక్క వీపు మీద ఒక నంబరు. బిల్లీ ఆ నంబర్లను బెంచీ మీద కూర్చున్న వాళ్లకు పంచేశాడు. ఒకసారి ఇచ్చాడంటే మనిషి ఊరు వదిలిపోయినా ఆ నంబరు అతనిదే. నాకు పన్నెండు వచ్చింది. పన్నెండంటే ఆట జరుగుతున్నంత సేపూ గీత బయట కూర్చునేవాడు.

ఏడు జంగయ్యది. గడ్డపోతారంలో మందుల కంపెనీ ఆపరేటరు, బిల్లీకి బడి నాటి దోస్తు. ఆటలో అతన్ని ఓడించేవాడు లేడు. అంతకన్నా పెద్ద విద్య ఇంకొకటుండేది అతని దగ్గర. ఆ కాసెట్ ఉత్త మొండిది. పెడితే తెర బూడిద రంగులోనే ఉండిపోయేది. బయటికి తీసి, అడుగున ఉన్న సందులో గట్టిగా ఊది, మళ్లీ పెట్టాలి. అందరం ఊదేవాళ్లం. నాకు ఆయాసం మిగిలేది. జంగయ్య ఊదితే మాత్రం బొమ్మ వచ్చేది. ఊదితే ఏమీ కాదని పక్క షాపు మెకానిక్ ఇప్పటికీ వాదిస్తాడు. పాపం, జంగయ్య ఊదగా ఆయన చూడలేదు.

తర్వాత సీడీ మిషన్ వచ్చింది. గోల్‌రాజాలో మనుషులకు కాళ్లూ చేతులూ మొలిచాయి. పేర్లు రాసుకునే వీలొచ్చింది, అదీ ఎనిమిది ఇంగ్లీషు అక్షరాల్లోపు. జంగయ్య అందులో సరిగ్గా పట్టాడు, పొడుగు పేర్లవాళ్లు సగంలో తెగిపోయారు. ఆ తర్వాతి మిషన్లో ఎత్తూ ఒంటిరంగూ మార్చుకోవచ్చన్నారు. ఆ పై దాంట్లో ముక్కులూ కనుబొమ్మలూ వచ్చాయి. ఈసారి అచ్చం మనుషుల్లాగే ఉన్నారని ప్రతి అట్ట మీదా గొప్పలే. నాకు తెలిసి గడ్డి మాత్రం మొదటి నుంచీ పచ్చగానే ఉంది.

పాత మిషన్లో చేసుకున్న జట్టు కొత్త మిషన్లోకి రాదు. అందుకని మిషన్ మారినప్పుడల్లా బిల్లీ షట్టరు సగం దించుకుని జట్టు మొత్తాన్నీ మళ్లీ మొదటి నుంచి తయారు చేసేవాడు. పని మానేసి బీహారుకు వెళ్లిపోయినవాళ్లను కూడా వదిలేవాడు కాదు. ఇదేం పిచ్చిరా అని మేం నవ్వేవాళ్లం. కొత్త తెర మీద మేం ఉన్నామో లేదోనని ముందుగా ఎగబడి చూసుకునేదీ మేమే.

రెండేళ్ల కింద కంపెనీలో వేడి ద్రావకం చిమ్మి జంగయ్య ఎడమ చెంప, పెదవి మూల, మెడ కాలిపోయాయి. ప్రాణం దక్కింది. నయమయ్యాక గోడౌన్లో పని ఇచ్చారు. పనికి పోతాడు, వస్తాడు. కళ్ల కిందిదాకా దస్తీ కట్టుకుని, తల దించుకుని, షాపు ముందు నుంచే నడుస్తాడు. లోపలికి మాత్రం రాడు. ఇంట్లో కూడా దస్తీ విప్పడం లేదని అతని భార్య అరుణ బిల్లీ దగ్గర చెప్పి ఏడ్చింది. జంగయ్యను మళ్లీ ఆ బెంచీ మీద కూర్చోబెట్టాలి. అప్పటి నుంచీ బిల్లీకి అదే ధ్యాస.

ఈ ఏడాది కొత్త మిషనూ కొత్త గోల్‌రాజా వచ్చాయి. ఇందులో ఫోటో ఎక్కిస్తే చాలు, మన ముఖమే మైదానంలో పరుగెత్తుతుంది. బిల్లీ తన పెళ్లినాడు చర్చి మెట్ల మీద తీయించుకున్న ఫోటో వెతికి, అందులోని జంగయ్యను ఎక్కించాడు. నున్నటి చెంపలు, సన్న మీసం, పెళ్లికొడుకును మించిన నవ్వు. మాకందరికీ తెగ నచ్చింది. మాకు నచ్చిందన్నప్పుడే బిల్లీ ఆలోచించుకోవాల్సింది.

ఆ సాయంత్రం అతను రోడ్డు మీదికి పోయి జంగయ్యకు అడ్డం నిలబడ్డాడు.

“జంగా, ఒక్క నిమిషం లోపటికి రారా. నీకొకటి సూపెట్టాలె.”

“జల్దీ చెప్పు. ఇంటికి పోవాలె.”

“నేను చెప్పుడు గాదు, నువ్వే సూడు.”

జంగయ్య గడప లోపల నిలబడి పెద్ద తెర వైపు చూశాడు. ఏడో నంబరు చొక్కా వేసుకున్న ఆ పాత జంగయ్య బంతి తన్నుతూ నవ్వుతున్నాడు.

“ఎవడు రా గీడు?”

“నువ్వే. గుర్తు పడ్తలేవా?”

“గీ మొకం నాకిప్పుడు యాడున్నది?” జంగయ్య గొంతు పెంచలేదు. “సచ్చినోని ఫోటోకు దండేసినట్టు జేసినవ్ బిల్లీ. నేనింక బతికే ఉన్న.”

బిల్లీ ముఖం మాడిపోయింది. కంగారులో జేబులోంచి ఫోన్ తీశాడు. “గట్ల గాదురా. వాణ్ని తీసేస్త. ఇట్ల కూసో, ఇప్పుడే నీది కొత్తగ ఫోటో కొడ్త.”

జంగయ్య చెయ్యి చటుక్కున దస్తీ మీదికి పోయింది. “వద్దు” అని వెనక్కి తిరిగాడు. ఇక ఈ మనిషి ఈ దారిన కూడా పోడనిపించింది నాకు.

గడప దాటబోతూ అతను ఆగాడు. పైన చెక్క మీద పాత డబ్బా టీవీ, దాని పక్కన కాసెట్ మిషన్ ఉన్నాయి.

“గది ఇంక నడుస్తదా?”

“నడుస్తలేదు. నువ్వు రాకపాయె. ఊదేటోడు లేడు” అన్నాడు బిల్లీ. ఎత్తు వేసి అన్నది కాదు, ఉన్న మాటే అన్నాడు.

జంగయ్య వెనక్కి వచ్చి, “దింపు” అన్నాడు.

నేనూ బిల్లీ కలిసి దింపాం. దుమ్ము దులిపి వైర్లు తగిలించాం. తెర ఎప్పటిలాగే బూడిద రంగులో నిలబడింది. జంగయ్య బెంచీ చివర కూర్చుని కాసెట్ బయటికి తీశాడు. దస్తీ మీదుగానే ఊదాడు. గుడ్డ ఉబ్బింది, అంతే. పెట్టి చూస్తే బొమ్మ రాలేదు. మళ్లీ తీశాడు. చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. సాయం చేస్తానని నేను నోరు తెరవబోతే బిల్లీ నా కాలు తొక్కాడు.

జంగయ్య దస్తీని గడ్డం కిందికి లాగేశాడు.

ఎడమవైపు పెదవి పూర్తిగా మూసుకోవడం లేదు. ఊదితే గాలి అటు నుంచి పోతోంది. ఆ మూలను అరచేత్తో అదిమిపట్టి, సందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఊదాడు. కాసెట్ పెట్టి బటన్ నొక్కాడు.

బొమ్మ వచ్చింది. బొటనవేలంత రంగు ముక్కలు పచ్చగడ్డి మీద వరుసగా నిలబడ్డాయి. ఏడో నంబరుకు ముఖం లేదు. తొమ్మిదికీ లేదు, మూడుకూ లేదు. జంగయ్య రిమోట్ అందుకున్నాడు. రెండో రిమోట్ బిల్లీ తీసుకున్నాడు. రెండు చేతులకూ పని తగిలింది కనుక దస్తీ మెడ దగ్గరే ఉండిపోయింది. కొత్తగా చేరిన ఒడిశా కుర్రాళ్లు అతని చెంప వైపు ఒకసారి చూశారు. అంతలో బంతి ఏడు దగ్గరికి వచ్చింది.

“భయ్యా, పాస్ దో, పాస్!” అని అరిచారు.

“నాకు జెప్తున్నరా?” అన్నాడు జంగయ్య. పాస్ ఇవ్వలేదు, తనే గోల్ కొట్టాడు. షాపంతా గోల గోల అయింది. బిల్లీ ఓడిపోయి, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నావీ తడిశాయి. దుమ్ము అని చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

జంగయ్య లేచాడు. దస్తీ విప్పి నుదుటి చెమట తుడుచుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెద్ద తెర మీద ఇంకా నవ్వుతున్న ఆ పెళ్లినాటి మనిషిని చూపించాడు.

“వాణ్ని తీసెయ్” అన్నాడు బిల్లీతో. “రేపు డ్యూటీ దిగినంక వస్త. నా ఫోటో కొట్టు.”