కాటాకు పెట్టిన బొట్టు

చిటికెడు గంధంతో ఇద్దరి ఉద్యోగాలకు ఎసరు పెట్టిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. కూర్చోండి, చెబుతాను. ఆ మహాతల్లిని నేనే.

అప్పట్లో నేను, బెంగాలీల నడుమ మన తెలుగువాళ్లం బతికే మా రైల్వే ఊళ్లో, ఇందా వైపు ఒక కాలేజీలో, కెమిస్ట్రీ ల్యాబులో సీసాలు కడిగేదాన్ని. ల్యాబు తాళంచెవి ఒకటి నా దగ్గర, ఒకటి అసిస్టెంటు బిమల్ దాదా దగ్గర ఉండేవి. దాదా బెంగాలీయే అయినా రైల్వే క్వార్టర్లలో మన పిల్లలతో గోళీలాడి తెలుగు నేర్చినవాడు.

ఆ ఏడు ల్యాబుకు కొత్త కాటా వచ్చింది. అద్దాల పెట్టెలో పెళ్లికూతురిలా కూర్చునేది. ఊపిరి తగిలినా అంకెలు కదిలేవి. దాని మీద ఏం పెట్టినా ఆ బరువు కంప్యూటరుకెక్కి, అక్కణ్నుంచి ల్యాబు చూసే సారు ఫోనుకు పోయేది. ఇన్ని చాడీలు చెప్పే కోడలు మా పూరీ గేటు పేట మొత్తంలో లేదు. చూసిన రోజే నాకు దాని మీద అనుమానం పుట్టింది. దాని ముందు దగ్గడం కూడా మానేశాను.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ రోజు మెషిన్లన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి దణ్ణం పెట్టాలి, ఒక్కదాన్ని వదిలేసినా ఏడాదంతా అలుగుతుంది అనేవాడు. కాలేజీకి సెలవైనా పొద్దున్నే వెళ్లి ఫ్యాను దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా బొట్లు పెట్టాను. కాటా అసలే చాడీకోరు, అలిగితే ఇంకేం చెబుతుందో. అద్దం తలుపు జరిపి, లోపలి పళ్లెం నడినెత్తిన దిట్టంగా బొట్టు పెట్టి, తాళం వేసి వచ్చేశాను.

మధ్యాహ్నం సారు ఫోను చేశారు. పరుగున వెళ్లేసరికి ల్యాబు గుమ్మంలో సారు, చేతిసంచీతో బిమల్ దాదా ఉన్నారు. సారు కూడా మా ఊళ్లోనే తాల్‌బగీచా పేట తెలుగాయనే.

"మూసిన గదిలో కాటా మీద ఏదో బరువుందని పొద్దున్నుంచీ ఫోనుకొస్తోంది. గంటగంటకీ తగ్గుతోంది. నిన్న దాని మీద వెండి కలిసిన మందు తూచినాం. మిగిలింది ఎవరో దాని మీద పెట్టి కొంచెం కొంచెం తీస్తున్నారు. తాళాలు మీ ఇద్దరివే. దొంగ దొరక్కపోతే ఇద్దర్నీ మానిపించమని రాస్తాను," అన్నారు.

గుమ్మడికాయల దొంగంటే ఎవరైనా తన భుజాలు తడుముకుంటారు. నేను పక్కవాడి భుజాలు తడిమాను.

"నాను సెప్పకూడదు గాని సార్, దాదా సంచీ సూడండి. సెలవునాడు అంత బరువేటి?"

"ఏటి దీదీ, నా మీదే అనుమానమా?"

"నీ మీద కాదు దాదా, సంచీ మీద."

దాదా సంచీ విప్పాడు. లోపల స్టీలు క్యారేజీ.

"పూజ పందిట్లో ఖిచిడీ. నీకోసమే తెచ్చినాను."

నా మొహం ఆవిరి పోయిన ఇంజనులా అయింది.

తలుపు తీశాం. లోపల ఎవరూ లేరు. కాటా మీద చివరి అంకె మాత్రం మా ముగ్గురి కళ్లముందే ఒకటి దిగింది. కాసేపటికి ఇంకొకటి.

"సార్, దొంగ కనపడ్డం నేదు గాని ఇక్కడే ఉన్నాడు. ఇప్పుడే మళ్లీ తీసినాడు," అన్నాను దాదా వెనక నక్కి. అవును, నిమిషం కిందట దొంగను చేసిన మనిషి వెనకే.

సారు కళ్లజోడు సవరించుకుని, వంగి, చాలాసేపు చూశారు.

"సూరమ్మా, ఇదేటి?"

"గంధం, సార్."

"ఎప్పుడు పెట్టినావు?"

"పొద్దున్న. తడితడిగా, మా నాన్న నేర్పినట్టే."

"అదే ఆరుతోంది. ఆరేకొద్దీ బరువు తగ్గుతోంది."

"అయితే సార్, తీసుకుపోయిందెవరు?"

"గాలి."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ కాటా పట్టేసింది.

సారు ఏ కాగితమూ రాయలేదు. బల్ల పట్టుకుని నవ్వడానికే ఆయనకు చేతులు చాలలేదు. దాదా మాత్రం నవ్వలేదు. వరండాలో కూర్చుని నా వాటా ఖిచిడీ గిన్నెలోకి తీసి, "తినేముందు కాటా మీద పెడదామా దీదీ? నాను కొంచెం తీసినానంటావేమో," అన్నాడు.

తలవంచుకుని తిన్నాను. ఆ గిన్నె సాక్షిగా, విశ్వకర్మ సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఏ యంత్రానికి బొట్టు పెట్టినా అది ఎవరికి ఫోను చేస్తుందో ముందు కనుక్కుంటాను. ఒకరి సంచీకేసి వేలు చూపించాల్సి వస్తే, ఆ వేలికి గంధం అంటి ఉందేమో చూసుకుని మరీ చూపిస్తాను.