వృత్తి పన్ను ఆపించబోయి

రాష్ట్రంలో ఉద్యోగం చేసేవాళ్ళ జీతంలోంచి నెలనెలా రాష్ట్ర ప్రభుత్వానికి పోయేది వృత్తి పన్ను. నేను దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో కాపురం పెట్టి ఎనిమిది నెలలైనా హైదరాబాద్ కంపెనీ నా జీతంలో దాన్ని కోస్తూనే ఉంది. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఉన్న ఊళ్ళో పన్నే లేదు, లేని ఊరికి నేనెందుకు కట్టాలి? ఒళ్ళు మండేది.

అమెరికా డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చేయడం నా పని. మా ఆయనకి ఇక్కడి కంకర క్వారీ ఆఫీసులో ఉద్యోగం వచ్చి నేనూ బయల్దేరుతుంటే, "అక్కడి నుంచే చెయ్యండి, మీలాంటి మనిషి మాకు మళ్ళీ దొరకదు" అని కంపెనీవాళ్ళే అన్నారు. ఇల్లు మా ఆయన జీతంతో గడిచేది. నాది మాత్రం ఎవరినీ అడక్కుండా ఖర్చు పెట్టుకునేదాన్ని. అది పోతే నాకంటూ ఇక్కడ ఏమీ లేదు.

పన్ను ఆపమని అకౌంట్స్ ఆయనకి మూడు మెయిళ్ళు రాశాను. చివరికి ఫోన్ చేస్తే, "మీరక్కడ ఉంటున్నట్టు రుజువు కావాలి మేడమ్. మీ నోటిమాట నమ్మి ఆపేస్తే రేపు ఆడిట్‌లో ఎవరు చెప్తారు సమాధానం?" అన్నాడు. విమాన టికెట్ పంపాను. అది వెళ్ళినట్టే గానీ ఉన్నట్టు కాదట! నేనేదో దొంగలెక్క చెబుతున్నట్టే మాట్లాడాడు.

"చిల్లర డబ్బుల కోసం ఎందుకు కెలుకుతావు? నోరు మూసుకుని పని చేసుకో" అన్నారు మా ఆయన. దాంతో పంతం ఇంకా పెరిగింది. మర్నాడే, వీసా కాగితాలూ అర్జీలూ తయారుచేసిపెట్టే టైపింగ్ సెంటర్‌కి వెళ్ళి పాస్‌పోర్టులో వీసా పేజీ ఫ్యాక్స్ చేయించాను. కౌంటర్‌లో ఉన్న మలయాళీ ఆ పేజీ చూసి, "దీదీ, కంపెనీ కో యే భేజ్‌తే హై క్యా? సోచ్ లో" అన్నాడు, ఇది కంపెనీకి పంపేముందు ఆలోచించుకోమని. చెప్పొచ్చావులే అనుకున్నాను.

భర్త వీసా మీద వచ్చిన ఆడవాళ్ళందరికీ ఆ పేజీలో "గృహిణి, పని చేయడానికి అనుమతి లేదు" అని ఉంటుంది. బ్యాంకులో చూపించాను, ఆస్పత్రిలో చూపించాను. సొంత పడకగదిలో కూర్చుని హైదరాబాద్‌కి చేసే పనికి కూడా అది అడ్డమని ఒక్కసారీ తట్టలేదు. కొరివితో తల గోక్కున్నాను.

వారం తిరక్కుండా మెయిల్ వచ్చింది. అనుమతి లేని మనిషి చేత పని చేయించుకోవడం కంపెనీకి ప్రమాదమట, అందుకని నా రాజీనామా ఆమోదించారట. నేను రాజీనామా ఎప్పుడిచ్చాను? ఎనిమిది నెలలు నా చేత చేయించుకున్నప్పుడు లేని ప్రమాదం ఒక్క కాగితంతో వచ్చిందా? "నేను మానలేదు, మీరు తీసేశారు, అలాగే రాసి పంపండి" అని జవాబు పెట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ శుక్రవారం మా ఆయన స్నేహితుడు భోజనానికి వచ్చాడు. ఉద్యోగం ఎలా ఉందమ్మా అని నన్ను అడిగితే మా ఆయనే అందుకుని, "తనే మానేసింది, ఇంటిపనితో కుదరక" అన్నారు.

చేతిలో పెరుగు గిన్నె ఉంది. కింద పెట్టాను.

"మానలేదండీ, తీసేశారు" అన్నాను. ఆ పూట పెరుగు ఎవరికి వాళ్ళే వడ్డించుకున్నారు.