ఆకుతోటకి అరువిచ్చిన పంపు

చాలా ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు గనక మీకు చెబుతున్నాను. తెలిస్తే చెప్పేవాణ్ణి కాదేమో. ఆ పిరికితనం ఇంకా నాలో ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

మాది మండపేట దగ్గర ఊరు. డెబ్భైల చివర్లో మా వైపు వరి పొలాల్లోకి గడ్డిమందు కొత్తగా వచ్చింది. వరికి ఏమీ కాకుండా వెడల్పాకు కలుపు మాత్రమే చస్తుందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. నేను డిగ్రీ చదివి వ్యవసాయంలోకి దిగిన కుర్రాణ్ణి. డబ్బా మీది ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కణ్ణే. ఇంక చూడండి నా గొప్ప. అరుగు మీద కూర్చుని అందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి. మందు వంటింటి దరిదాపుల్లో పెట్టకండి, వేరే సీసాలోకి ఒంపకండి, గాలి లేనప్పుడే కొట్టండి, గడ్డిమందు కొట్టిన పంపుని ఇంకో పైరుకి వాడకండి, తప్పక వాడాల్సి వస్తే చాకలిసోడా వేసి మళ్ళీ మళ్ళీ కడగండి అని. ఈ చివరి మాట నేనే చెప్పాను. నా నోటితోనే, ఊరందరికీ.

మా ఇంటి వెనక వీర్రాజుగారి తమలపాకు తోట ఉండేది. ఆకుతోటంటే మా వైపు గుడితో సమానం. చెప్పులు బయట విప్పి వెళ్ళాలి. చావు మైల ఉన్నవాళ్ళు, ముట్టయిన ఆడవాళ్ళు అందులో అడుగు పెడితే తీగ మాడిపోతుందని నమ్మకం. ఆ తోటలో ఆకు కోసే మనిషి సూరమ్మ. మా అమ్మ ఈడుది. భర్త లేడు. ఆకు కొయ్యడం, కట్టలు కట్టడం తప్ప ఆమెకి వేరే బతుకుతెరువు లేదు.

ఆ ఏడు తోటకి తెగులు పట్టుకుంటే, మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టడానికి వీర్రాజుగారు నా పంపు అరువడిగారు. పంపులో ముందురోజు మిగిలిన గడ్డిమందు నీళ్ళున్నాయి. పారబొయ్యడానికి మనసొప్పక, తర్వాత గట్ల మీద కొడదామని అలాగే వెనక వసారాలో పెట్టాను. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. సోడా వెతకడానికి బద్ధకించాను. ఉన్నది ఒలకబోసి, చెంబెడు నీళ్ళు పోసి తిప్పి ఇచ్చేశాను. శుభ్రంగా ఉందా అని ఆయన అడిగారు. ఉందండీ అన్నాను.

కొన్నాళ్ళకి తోట పాడైపోతోందని ఊరంతా వెళ్తుంటే నేనూ చూడ్డానికి వెళ్ళాను. తీగల చిగుళ్ళు మెలికలు తిరిగిపోయాయి. లేతాకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. ఆ మెలిక నాకు తెలుసు. మా గట్ల మీద చస్తున్న కలుపులో రోజూ చూసుకుని మురిసిపోయిన మెలిక అది. ఇంత పచ్చటి తోటని చంపింది నేనా? చెంబెడు నీళ్ళకి వదలనంత విషమా నేను వసారాలో పెట్టుకున్నది? చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే వీర్రాజుగారు, ఎవరో మైలతో తోటలోకి వచ్చారన్నారు. నేను నోరు మూసుకున్నాను.

ఆ ఎవరో సూరమ్మ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తోటలోకి రోజూ వెళ్ళే ఆడమనిషి ఆమె ఒక్కతే. పెద్దమనుషుల ముందు నిలబెట్టి, ముట్టుతో వచ్చావా అని అడిగితే తల వంచుకుని నిలబడిందట. బదులు చెప్పలేదట. ఇంకేం రుజువు కావాలన్నారు. చుట్టుపక్కల ఆకుతోటల వాళ్ళు కూడా ఆమెని రానివ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెరటి దారిన నా దగ్గరికి వచ్చింది.

“బాబుగారూ, మీరు సదువుకున్నోరు. మీ మాటయితే ఆళ్ళు ఇంటారండి.”

“ఏం చెప్పమంటావు?”

పెరట్లో ఇంకెవరూ లేరని చూసుకుంది. “నాకు ముట్టు ఆగిపోయి ఏళ్ళయిందండి. అంతమంది మగోళ్ళలో ఆ మాట ఎలా సెప్పుకోనండి? మీరే ఏదో రకంగా మర్యాదగా సెప్పండి.”

“ఆకుతోటల సంగతి నాకేం తెలుసు సూరమ్మా,” అన్నాను.

సరేనండి అని వెళ్ళిపోయింది. తల్లిలాంటి మనిషి, సిగ్గు చంపుకుని, ఎవరికీ చెప్పుకోలేని మాట నా చేతిలో పెట్టింది. ఆమె తప్పు లేదనడానికి నా దగ్గర ఒకటి కాదు, రెండు సాక్ష్యాలున్నాయి. ఎందుకు చెప్పలేదు? నష్టం కట్టమంటారని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. అరుగు మీద నా పాఠాలు ఇంకెవరూ వినరని భయపడ్డాను. అంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఎంత వెతికినా దొరకలేదు.

ఆమె ఊరు విడిచి తునిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. కొన్నేళ్ళ తర్వాత, అక్కడి బస్టాండులో కూరలమ్ముతూ నన్ను ఆమే గుర్తుపట్టి పిలిచింది. ఇంట్లో అందరినీ పేరుపేరునా అడిగింది. ఈసారి చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఈలోపు తనే నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

“అప్పట్లో మా బావగారు, మా ఆయన అన్న, పోయారంటండి. కబురు నాకు ఆలీసంగా అందిందండి. తెలీక మైలతోనే తోటలో తిరిగాను బాబుగారూ. పాపం, ఆ తోట నా వల్లే పోయింది.”

ఎవరూ నిలదీయని చోట, ఏళ్ళ తరబడి వెతుక్కుని, తనకో తప్పు తనే సంపాదించుకుంది. అది దొరికాక మనసు కుదుటపడినట్టు నావైపు చూసి నవ్వింది కూడా. కాదు సూరమ్మా అనడానికి రెండు ముక్కలు చాలు. బస్సు కదులుతోందని చెప్పి వచ్చేశాను. బస్సు కదలడానికి ఇంకా చాలా టైముంది.

ఇప్పుడామె లేదు. వీర్రాజుగారూ లేరు. క్షమించమని అడగడానికి నాకు మనిషి మిగల్లేదు, మీరు క్షమించినా అది నాకు చెందదు. తోటని చంపింది నేను. సూరమ్మకి ఏ మైలా లేదు. రాసేశాక కాస్త ఊపిరాడుతోంది. ఆడకూడదేమో.