ప్రార్థన అయ్యాక పంపిన అంబులెన్సు

ఒక పదకొండు నిమిషాలను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మా చర్చి సంఘంలో ఎన్నోసార్లు సాక్ష్యం చెప్పాను. ఇది మాత్రం చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రెండు వేల ఆరు ప్రాంతం. ఢిల్లీలో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో సలహాకు ఒక నంబరు, అంబులెన్సుకు ఒకటి, సెలవు రోజుల్లో ఇంటికొచ్చే డాక్టరుకు ఇంకొకటి ఉండేవి. మూడింటినీ కలిపి ఒకటే చేశారు. ఫోనెత్తిన నర్సే విని, ఎవరిని పంపాలో తేల్చాలి. ఆ కుర్చీ నాకు దొరికినందుకు మోకాళ్లూని దేవుణ్ణి స్తుతించాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం వసంత్ కుంజ్ నుంచి మా సంఘంలోని ఆంటీ ఫోన్ చేశారు. భోజనం దగ్గర అంకుల్ చేతిలోంచి ముద్ద జారిపోయిందట. మూతి ఒక పక్కకు లాగేసిందట.

"అమ్మాయ్, నువ్వేనా? స్తోత్రం! ఏ హిందీ పిల్ల ఎత్తుతుందోనని హడలిపోయాను. ముందు ప్రార్థన చెయ్యి తల్లీ, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

"అలాగే ఆంటీ. ఫోన్ అంకుల్ చెవి దగ్గర పెట్టండి."

పక్షవాతమని ఆమె చెబుతుండగానే నాకు తెలిసింది. పక్కనున్న రెండో ఫోన్‌లో డ్రైవరుకు చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ తర్వాత ఎంతసేపైనా ప్రార్థించవచ్చు. చెప్పలేదు. కళ్లు మూసుకున్నాను. ఎందుకు? అది విశ్వాసమేనా? అవతల ఆమె ఏడుస్తూ ఆమెన్ అంటుంటే నా గొంతు నాకే ఇంపుగా వినిపించింది, మాటలు ధారగా వచ్చాయి, ఆపబుద్ధి కాలేదు. పాత పద్ధతిలోనైతే ఆమె నేరుగా అంబులెన్సుకే చేసుకునేవారు. ఇప్పుడు ఆమెకు దారి నేనొక్కదాన్నే.

పదకొండు నిమిషాలకు ప్రార్థన ముగించి, అప్పుడు డ్రైవరుకు చెప్పాను. రిజిస్టరులో ఆ ముగిసిన సమయాన్నే కాల్ వచ్చిన సమయంగా రాశాను.

అంకుల్ బతికారు. ఆయన్ని కాపాడిన డాక్టరు కోసం, ట్రాఫిక్‌లో దారి చేసుకుని వెళ్లిన డ్రైవరు కోసం ఈనాటికీ ప్రభువుకు కృతజ్ఞతలు చెల్లిస్తాను. అందులో నటన లేదు. కానీ ఆయన కుడిచెయ్యి మళ్లీ లేవలేదు. ముందే పంపి ఉంటే లేచేదా? డాక్టరును అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

నీ ప్రార్థనే మా ఆయన్ని నిలబెట్టిందని ఆంటీ ప్రతి ఆరాధన తర్వాత నా చేతులు పట్టుకుంటారు. పక్కన అంకుల్ నవ్వుతూ ఎడమచెయ్యి చాపుతారు. వాళ్ల ప్రేమ నాకు దొరికిన గొప్ప భాగ్యం. నేను దాన్ని ఎలా సంపాదించానో వాళ్లకు తెలియదు.

ఆ మర్నాటి నుంచి ముందు బండి పంపి, తర్వాతే ప్రార్థించాను. కొత్తగా వచ్చిన నర్సులకూ అదే నేర్పాను. ఏళ్ల ఉద్యోగ అనుభవంతో చెబుతున్నానని అనుకున్నారు.

దేవుని దగ్గర ఎప్పుడో ఒప్పుకున్నాను. ఆయన దగ్గర ఒప్పుకోవడం తేలిక, ఆయన ఆంటీకి చెప్పడు. మిమ్మల్ని క్షమించమని అడగను. పోయిన చెయ్యి మీది కాదు. ఒక మనిషికి చెప్పాను, ఈ పూట గుండె కొంచెం తేలికైంది. విన్నందుకు వందనాలు.