నూనె చేతిలో జారని కత్తి కోసం

ఈ ప్రయాణం మొదలైంది ఒక ఫోన్ మాటతో. "అత్తా, ఈసారి నువ్వు కత్తి పట్టొద్దు, మార్కెట్ నుంచి ఒక మనిషిని మాట్లాడేశాను" అన్నాడు రాజా. ఆ మాట విన్నది నూకాలు ఆంటీ. సింగపూర్ బిషాన్‌లో ఆమె ఫ్లాటులోనే నేనొక గది అద్దెకు తీసుకున్నాను. ఆంటీ తాతలు విశాఖ తీరం నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాళ్ళు. ఆమె తమ్ముడికి వంతెన అవతల మలేషియాలో, జొహోర్‌లో దుప్పుల ఫారం ఉంది. రాజా ఆ తమ్ముడి కొడుకే, ఉద్యోగం మాత్రం సింగపూర్‌లో. దీపావళికి ముందు ఆదివారం కుటుంబమంతా ఆ ఫారంలో చేరి ఒక దుప్పిని కోస్తారు. తోలు ఒలిచే పని ఆంటీది. పెళ్ళి కాకముందు నుంచీ ఆమెదే.

దుప్పి అనగానే ఉలిక్కిపడకండి. మన దేశంలో అడవి జింకను ముట్టుకుంటే జైలే. ఇవి మాత్రం మేకల్లా కంచె లోపల పెంచి మాంసానికి అమ్మే దుప్పులు. పోయినేడు తోలు ఒలుస్తుంటే ఆంటీ పాత కత్తి పిడి పగిలి, కొవ్వుకి చెయ్యి జారి, అరచేయి తెగింది. అందుకని రాజాకి భయం. భయపడటంలో తప్పులేదు. కానీ పిడి పగిలితే పిడి మార్చాలి గాని మనిషిని మార్చడమేమిటి? నాకు ఒళ్ళు మండింది. ఆంటీ మాత్రం ఫోన్ పెట్టేసి, "రేపు శెనివారం కదేటి, నీకు ఆఫీసు నేదు. కత్తి కొనడానికెల్దాం, తయారవ్వు" అంది.

అవి ఐటీ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజులు. నెల్లూరు నుంచి వచ్చి ఒక బ్యాంకు కోసం ప్రోగ్రాములు రాస్తున్నాను. నాకు తెలిసిన కత్తి ఉల్లిపాయల కత్తి ఒక్కటే. అయినా పొద్దున తొమ్మిదింటికి బిషాన్ బస్టాండులో ఆంటీ వెనకాల బస్సెక్కాను. సెరంగూన్‌కు అరగంట లోపే, టికెట్టు ఒక డాలరు చిల్లర. ఆంటీ చేతిసంచిలో గొడుగు, తువ్వాలు, మందుసీసా అంత చిన్న కొబ్బరినూనె సీసా ఉన్నాయి. నూనె ఎందుకో అడిగితే నవ్వి సంచి మూసేసింది.

సెరంగూన్‌లో ఇనుప సామాను దుకాణాయన మర్యాదస్తుడే. ఆంటీ తనకు వచ్చిన ఇంగ్లీషులో, దుప్పి తోలు ఒలవడానికి కత్తి కావాలని స్పష్టంగా చెప్పింది. ఆయన అంతా విని, కూరగాయల కత్తుల అర చూపించాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, ఆవిడకు సరిగ్గా ఏం కావాలో మీరు చెప్పండి అన్నాడు. చెప్పిందే కదయ్యా, రెండుసార్లు! నేనూ అదే మాట చెప్తే, అలాంటివి మగవాళ్ళు వచ్చి చూసుకుంటారు, మీ ఇంటాయన్ని పంపండి అని సలహా ఇచ్చాడు. నాకు పెళ్ళే కాలేదు. ఆంటీ భర్త పోయి పదేళ్ళు దాటింది. ఇంక ఎవరిని పంపాలి?

పక్కనే హాకర్ సెంటర్‌లో నూడుల్స్ తింటూ ఆ పెద్దమనిషిని తిట్టాను. తినడం అయ్యాక పాయా లేబర్‌కు ఇంకో బస్సెక్కాం. అక్కడొక పాత కాంప్లెక్సు రెండో అంతస్తులో చేపల గాలాలు, గుడారాలు అమ్మే దుకాణం ఉందని ఎదురింటివాళ్ళు చెప్పారట.

ఇక్కడి కుర్రాయన మమ్మల్ని చూడగానే, మీ ఆయనకు బర్త్‌డే గిఫ్టా అని నన్నడిగాడు. పొద్దుటి నుంచి రగులుతున్న అరికాలి మంట అప్పుడు నెత్తికెక్కింది. కాదు, ఈవిడ పని చేసుకోవడానికి అని గట్టిగానే చెప్పాను. అతను వెంటనే మూరెడు కత్తి ఒకటి తీశాడు. వీపు మీద రంపం పళ్ళు, మొనకి కొక్కెం. ఇదే అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేదని పొగిడాడు. ఆంటీ దాన్ని ముట్టుకోలేదు. అంత పొడుగు మొన తోలు కింద ఎక్కడికి పోతుందో చేతికి తెలియదట, పొట్ట సంచి తెగితే మాంసమంతా పాడట.

అద్దాల పెట్టెలో పొట్టి కత్తుల వైపు వేలు చూపించి, వాటిని బయట పెట్టించింది. అప్పుడు సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, బాగా రుద్దుకుని, మొదటి కత్తి పిడి పట్టుకుంది. మణికట్టు అటూ ఇటూ తిప్పింది. జారింది. పక్కన పెట్టేసింది. రెండోది అందంగా మెరుస్తున్న కొయ్య పిడి. అదీ జారింది. ఆ కుర్రాయన కౌంటరు మీద చేయి చరిచి, నూనె పూసిన కత్తులు ఇంకెవరు కొంటారు, ఇవన్నీ మీరే కొనాలన్నాడు. అన్నం తినే ముందు రుచి చూస్తే కుండంతా కొనమంటారా అని నేను లేచాను. ఆంటీ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆడి మాటలు మనకేల, ఆడి కత్తులు సూడు" అని, రెండు పిడులూ తువ్వాలుతో నూనె మిగలకుండా తుడిచి, తరవాతది ఇమ్మంది.

ఐదోది నిలిచింది. బ్లేడు నాలుగు వేళ్ళ పొడవు, అంచు కడుపులా వంపు తిరిగింది, మొన మరీ సూది కాదు, పిడి గరుకు రబ్బరుది. ఆంటీ నూనె చేత్తో దాన్ని బిగించి, నన్ను లాగి చూడమంది. రెండు చేతులతో లాగినా రాలేదు. నలభై ఐదు డాలర్లు, బేరం లేదు. బిల్లు అడిగి తీసుకుని పెట్టెలోనే పెట్టించాను.

మర్నాడు తెల్లవారకముందే రాజా కారులో బయలుదేరాం. ఆదివారం ఆలస్యమైతే మలేషియాకు దాటే ఉడ్‌లాండ్స్ వంతెన మీదే పొద్దెక్కుతుంది. దారిలో కత్తి పెట్టె చూసి రాజా, "నైస్ లా అత్తా, బట్ ఆ మనిషి వస్తాడు, ఆల్రెడీ చెప్పేశా" అన్నాడు సింగపూర్ యాసలో. ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పోరు అయిపోయిందనే అనుకున్నాను.

మలేషియా వైపు తనిఖీలో ఆఫీసరు డిక్కీ తెరిపించాడు. పెట్టె విప్పి, ఈ కత్తి ఎవరిదని అడిగాడు. రాజా క్షణం ఆలస్యం లేకుండా, నాదే అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అని సామెత విన్నాను గాని కళ్ళారా చూడటం అదే మొదలు. నేను నోరు తెరిచేలోగా వెనక తలుపు తెరుచుకుంది. ఆంటీ మోకాళ్ళ నొప్పితో మెల్లగా దిగి, ఆఫీసరు ముందు నిలబడి, "సాయా పున్యా" అంది. మలయ్‌లో నాది అని. ఆ వెంటనే తెలుగులో, మేనల్లుడితో అంది, "నాది నాదని నాను చెప్పనేనేట్రా?"

రాజా మొహం మాడిపోయింది. ఆఫీసరు బిల్లు చూసి, ఎందుకని అడిగాడు. తమ్ముడి ఫారంలో దుప్పి తోలు ఒలవడానికి, చిన్నప్పటి నుంచీ అదే పని అని ఆంటీ మలయ్‌లో చెప్పింది. ఆయన కత్తి పెట్టెలో పెట్టి ఆమె చేతికే ఇచ్చాడు. అక్కడి నుంచి ఇంకో గంటన్నర దారి. దిగే ముందు రాజా మార్కెట్ మనిషికి ఫోన్ చేసి, మాంసం కొట్టడానికి మాత్రం వస్తే చాలన్నాడు.

ఫారంలో నేను కొంచెం దూరంగానే నిలబడ్డాను, అబద్ధమెందుకు. వేలాడదీసిన దుప్పి వెనక కాళ్ళ దగ్గర ఆంటీ గాటు పెట్టింది. ఎడమచేత్తో తోలు లాగుతూ, కుడిచేత్తో తెల్లటి పొర మీద కత్తిని మెల్లగా నడిపింది. మోచేతుల దాకా కొవ్వు. కత్తి ఒక్కసారీ జారలేదు. తోలంతా చిల్లు లేకుండా కిందికి దిగింది. తమ్ముడు దాన్ని వెదురు మీద ఆరేశాడు. అప్పటిదాకా చేతులు కట్టుకు నిలబడ్డ రాజా దగ్గరికొచ్చి, నేనూ నేర్చుకోవచ్చా అత్తా అని గొణిగాడు. కత్తి చేతికి చేతికి ఇవ్వకూడదని ఆంటీ దాన్ని బల్ల మీద పెట్టి, నూనె సీసా అతని వైపు తోసింది. "ముందు ఇది రాసుకుని పట్టుకో" అంది.

ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ రెండు రోజులు తలుచుకుంటే కోపం వస్తుంది. ఇద్దరు దుకాణదారులు, ఒక మేనల్లుడు, ముగ్గురూ చెడ్డవాళ్ళు కారు. కత్తి పట్టే చెయ్యి ఎదురుగా ఉంటే, లేని మగవాడి కోసం వెతికారు, అంతే. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: కత్తి కొంటే బిల్లుతో సహా పెట్టెలోనే ఉంచి డిక్కీలో పెట్టండి. తనిఖీలో ఎవరిదని అడిగితే, ఎవరిదో వాళ్ళనే చెప్పనివ్వండి.